ముప్పై ఎనిమిదా, ముప్పై ఆరా

అది పోయింది బుధవారం నాడు. స్కూలుకు వెళ్లే బస్సులో, కిటికీ పక్క సీటు మీద, గుడ్డసంచిలో ఉన్న పాత సైంటిఫిక్ కాలిక్యులేటర్‌ను వదిలేసి లెక్కల మాస్టారు దిగిపోయారు. వదిలేసిన సంగతి మొదటి గంట కొట్టాక గాని ఆయనకు తెలియలేదు. సాయంత్రం డిపోకు వెళ్లి అడిగారు. కండక్టర్‌ను అడిగారు. కండక్టర్ పొద్దున డ్యూటీ చేసి దిగిపోయిన ఇంకో కండక్టర్ పేరు చెబితే అతని ఇంటికీ వెళ్లి అడిగారు. పోయిన వస్తువుల గదిలో గొడుగులు దొరికాయి, ఒంటి చెప్పు ఒకటి దొరికింది. అది మాత్రం దొరకలేదు.

ఆ కాలిక్యులేటర్ మాస్టారిది కాదు, ఆయన భార్యది. ఆవిడ సర్వేయర్. నిరుడు వానాకాలం మొదట్లోనే జ్వరంతో పోయింది. ఆవిడ తర్వాత అది కూతురి చేతికి వచ్చింది. కూతురు కూడా సర్వే డిప్లొమాయే చదువుతోంది. వచ్చే వారం ఆమెకు ఫీల్డు పరీక్ష, పరీక్షకు ఫోన్లు తేనివ్వరు. కాలిక్యులేటర్ లేకుండా సర్వేకు వెళ్లడమంటే కత్తెర లేకుండా కుట్టుపనికి కూర్చోవడమేనని ఆ పిల్ల మేనమామ అన్నాడు. అతను దర్జీ, అతనికి అన్నీ కత్తెర లోంచే కనిపిస్తాయి.

ఇంతవరకు ముగ్గురికీ తెలిసిందే. తెలియనిది ఒక్కటే. కూతురు రోజూ వాడుకునే వస్తువును మాస్టారు ఆమెకు చెప్పకుండా సంచిలో వేసుకుని ఎందుకు పట్టుకెళ్లారు? కూతురు ఒకసారి అడిగింది. ఆయన "చిన్న పని పడింది" అన్నారు. ఆమె మళ్లీ అడగలేదు. అప్పటినుంచి ఆ ఇంట్లో తండ్రీ కూతుళ్లు చుట్టపుచూపుగా వచ్చినవాళ్లలా మాట్లాడుకుంటున్నారు. "కాస్త నీళ్లు ఇస్తావా అమ్మా", "ఇదిగో నాన్నా, తీసుకో". వినలేక దర్జీ మేనమామ శనివారం మధ్యాహ్నం కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పేసి, ఇద్దరినీ వెంటబెట్టుకుని కాలేజీ ఎదురుగా ఉన్న స్టేషనరీ షాపుకు బయలుదేరాడు. టేపు మెడలోంచి తీయడం మరిచిపోయాడు.

షాపావిడ గాజు బల్ల మీద మూడు రకాలు పెట్టింది.

"ఇది మామూలుది. ఇందులో భిన్నాలు పుస్తకంలో ఉన్నట్టే కనిపిస్తాయి. ఇది పెద్దది, దీంట్లో లేనిది లేదు."

దర్జీ పెద్దదాన్ని అందుకుని కళ్లు విప్పార్చాడు. "బావా, చూశావా! మనం నోరు తెరవకముందే ఇది లెక్క చేసేసింది."

"అది కొత్త సరుకు మీద అతికించే ప్లాస్టిక్ కాగితం మావయ్యా," అంది కూతురు. "అంకెలు దాని మీద అచ్చేసి ఉంటాయి. పీకెయ్."

అతను పీకాడు. కింద తెర ఖాళీగా ఉంది. "పెళ్లిచూపుల ముస్తాబన్నమాట," అన్నాడు కాస్త చిన్నబోయి.

మాస్టారికి నవ్వు వచ్చింది గాని రానివ్వలేదు. వస్తువు కొనడమంటే ఆయనకు పరీక్ష పెట్టడమే. పెన్నులు రాస్తున్నాయో లేదో చూసుకునే చిత్తుకాగితాల బొత్తి బల్ల మీద ఉంటే దగ్గరకు లాక్కుని, పిచ్చిగీతల మధ్య ఖాళీ చూసి ఒక లెక్క వేశారు. ఆరుని రెండుతో భాగించి, ఆ రెండు పక్కనే బ్రాకెట్లో ఒకటి కూడిక రెండు. "ఉన్నది ఉన్నట్టు కొట్టండి, ఎవరికి వారే. పక్కవాళ్లది చూడొద్దు."

"కాపీ కొడతామనా?" అన్నాడు దర్జీ.

"నీ సంగతి మీ అక్క చెప్పింది."

మామూలుది తొమ్మిది అంది. భిన్నాలది ఒకటి అంది. దర్జీ రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఒకే షాపు, ఒకే బీరువా, ఒకే లెక్క. అయినా మాట కలవలేదు. ఇవి అన్నదమ్ములయి ఉంటాయి బావా."

షాపావిడ కంగారుపడింది. "ఏదీ పాడైంది కాదండీ. నిన్ననే వచ్చిన పెట్టె."

"తప్పు వాటిది కాదు," అన్నారు మాస్టారు. "నాదే. ఇంకో బ్రాకెట్టు పెట్టాల్సిన చోట పెట్టకుండా అడిగాను. అలా అడిగితే ఎవరికి తోచినట్టు వాళ్లు అర్థం చేసుకుంటారు." ఆ మాట అని ఆయన కూతురి వైపు చూడబోయి, బొత్తి మీద గీత ఒకటి సరిచేసి ఊరుకున్నారు.

కూతురు భిన్నాలదాన్ని చేతిలోకి తీసుకుంది. మీటల మీద వేళ్లు ఆడించింది. ముప్పై కొట్టి, త్రికోణమితి మీటల్లో సైన్ నొక్కి, సమానం నొక్కింది. తెర మీద తప్పని వచ్చింది. తుడిచి మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే.

వాళ్లమ్మ కాలిక్యులేటర్ పాత పద్ధతిది. ముందు అంకె కొట్టాలి, తర్వాత సైన్ నొక్కాలి. ఇప్పటివాటికి ముందు సైన్, తర్వాత అంకె. ఇది చిన్న విషయమే అయినా ఆ ఇంట్లో ఏళ్ల తరబడి నడిచిన తగాదా. ఆవిడ నోటి వెంట కూడా "ముప్పై సైన్" అనే వచ్చేది. "సైన్ ముప్పై అనాలి" అని మాస్టారు దిద్దేవారు. "మీ పిల్లలు మీరు చెప్పినట్టు అంటారు, నా మిషన్ నేను చెప్పినట్టు వింటుంది" అనేది ఆవిడ. తల్లి దగ్గర కూర్చుని నేర్చుకున్న కూతురికీ ఆ వరసే పట్టుబడింది.

మాస్టారు ఆ వేళ్లను చూశారు. చూసి షాపావిడతో, "ముందు అంకె కొట్టి తర్వాత సైన్ నొక్కేవి ఇప్పుడు రావడం లేదా అండీ?" అన్నారు.

"అబ్బో, అవి ఎవరు అడుగుతున్నారండీ?" అంటూనే ఆవిడ వంగి అడుగు సొరుగు లాగింది. ఇంకుబుడ్ల వెనకనుంచి అంచులు నలిగిన అట్టపెట్టె ఒకటి తీసి, దుమ్ము ఊది, బల్ల మీద పెట్టింది. "అమ్ముడుపోక మిగిలిపోయిందొకటి."

అదే రకం. అదే బూడిదరంగు, అవే గోధుమరంగు మీటలు, మూత తీసేటప్పుడు అదే బిగుతు. తేడా అల్లా ఒక్కటే, ఐదు మీట మీద అంకె అరిగిపోలేదు. మాస్టారు రెండు చేతులతో పట్టుకున్నారు.

"ఇది కట్టేయండి."

"వద్దు నాన్నా," అంది కూతురు.

"నీ చెయ్యి దీనికే అలవాటు కదమ్మా. వారంలో పరీక్ష పెట్టుకుని కొత్తది ఎందుకు?"

"వద్దన్నాను కదా."

"కారణం చెప్పు."

"నువ్వు బుధవారం ఎందుకు పట్టుకెళ్లావో చెప్పావా?"

షాపావిడ మర్యాదగా అటు తిరిగి పెన్సిళ్లు సర్దుకోసాగింది. దర్జీ మెడలో టేపు రెండు కొసలూ పట్టుకుని నిలబడ్డాడు. వాళ్లిద్దరి మధ్య గొడవ జరగడం చూసి అతనికి ప్రాణం లేచివచ్చినట్టయింది. ఇంట్లో ఆ చుట్టపుచూపు మర్యాద కంటే ఇదే నయం.

కూతురు గొంతు తగ్గించింది. "నాన్నా, ఆ కాలిక్యులేటర్‌లో నేను ఒక్కనాడూ మెమరీ వాడలేదు. క్లాసులో అందరూ అంకెను మెమరీలో వేసుకుని చకచకా పోతారు. నేను ప్రతిదీ కాగితం మీద రాసుకుని మళ్లీ కొట్టుకునేదాన్ని. అందరూ ఇంటికి వెళ్లిపోయాక కూడా నేను పొలం గట్టు మీద కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. మా లెక్చరర్ నన్ను నిదానం పిల్ల అని పిలుస్తాడు."

"మెమరీ మీట పనిచేయలేదా?"

"పనిచేసేది. అందులో అమ్మ అంకె ఉంది."

మాస్టారు పెట్టెను బల్ల మీద పెట్టారు.

"నేను కొత్త అంకె వేస్తే అమ్మది పోతుంది," అంది కూతురు. "అందుకని వేయలేదు."

"బ్యాటరీ కూడా అందుకేనా మార్చలేదు? అంకెలు వెలిసిపోతున్నాయని నువ్వే అనేదానివి."

"బ్యాటరీ తీస్తే మెమరీ పోతుంది కదా."

బయట కాలేజీ పిల్లలెవరో ఒకరినొకరు కేకేసుకుంటూ పోయారు.

"దానికోసమే పట్టుకెళ్లాను," అన్నారాయన. "స్కూలు వీధిలో వాచీలు బాగుచేసే అతను ఉన్నాడు. మెమరీ పోకుండా బ్యాటరీ మార్చే ఉపాయం ఏదైనా ఉందేమో అడుగుదామని."

కూతురు తలెత్తింది. "నీకు తెలుసా? అందులో అంకె ఉందని?"

"రోజూ చూసేవాణ్ణి. సాయంత్రం నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు. ఒకసారి మెమరీ నొక్కి చూసి, మూత పెట్టేసేవాణ్ణి."

"నేను పొద్దున్నే చూసేదాన్ని."

దర్జీ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారా, లేక నేనే పొరబడ్డానా? ఒక్క అంకెకు ఇద్దరు కాపలా. పగటి డ్యూటీ ఒకరు, రాత్రి డ్యూటీ ఒకరు. కాపలావాళ్లకు మాత్రం ఒకరి ముఖం ఒకరికి తెలియదు."

"గుర్తుందా?" అని అడిగారు మాస్టారు కూతురిని.

"మరిచిపోతానా?"

"చెప్పు."

"నువ్వే చెప్పు."

ఇద్దరూ ఒక్కసారే మొదలుపెట్టారు. "ముప్పై ఎనిమిది పాయింట్ మూడు తొమ్మిది ఎనిమిది," అన్నారు మాస్టారు. "ముప్పై ఆరు పాయింట్ మూడు తొమ్మిది ఎనిమిది," అంది కూతురు. ఇద్దరూ ఒక్కసారే ఆగారు.

"ముప్పై ఎనిమిది అమ్మా."

"ముప్పై ఆరు నాన్నా. రోజూ చూశాను."

"నేనూ రోజూ చూశాను. లెక్కలు చెప్పేవాణ్ణి, ఆరుకీ ఎనిమిదికీ తేడా తెలియదా?"

"సర్వే చదివేదాన్ని, నాకు తెలియదా?"

"ఇంకో గంట ఆగితే ముప్పై ఏడుకు బేరం కుదురుతుంది," అన్నాడు దర్జీ.

కూతురు వినిపించుకోలేదు. బొత్తి లాక్కుని కాలిక్యులేటర్ తెర మీద పడే ఎనిమిదిని గీతలు గీతలుగా వేసింది. మొత్తం ఏడు గీతలు. కుడివైపు పై గీత మీద వేలు పెట్టి మూసింది. ఆరు మిగిలింది. "ఆ తెర మీద ఆ ఒక్క అంకె చోట ఈ గీత సరిగా పడేది కాదు. ఈ మధ్య బొత్తిగా పడటం లేదు. నా చేతికి వచ్చేసరికే వెలిసిపోయిందేమో, నాకు మొదటినుంచీ ఆరే. నువ్వు అంతకుముందే చూసి ఉంటావు."

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే చూశాను. అప్పుడు ఎనిమిదే."

"అప్పుడు ఎనిమిదో, లేక నువ్వు ఎనిమిది అనుకున్నావో. ఇప్పుడెలా తెలుస్తుంది?" ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్నాళ్లూ కాపాడింది సరైన అంకెనో కాదో కూడా తెలియదు."

అప్పుడు దర్జీ, ఇందాకటి హుషారు లేకుండా అడిగాడు. "ఎనిమిదో, ఆరో... అవి మీటర్లా?"

ఇద్దరూ అతని వైపు తిరిగారు.

"నిరుడు వానలు పడకముందు, ఒక ఆదివారం పొద్దున్నే అక్క వచ్చి లేపింది. టేపు పట్టుకోవడానికి నీకంటే పనివాడు ఎక్కడ దొరుకుతాడ్రా, లే అంది. ఏటి గట్టుకు తీసుకెళ్లింది. పడవ రేవుకు కాస్త పైన. గట్టు వెంట టేపు పరిచి ముప్పై మీటర్లు కొలిచింది. ఒక తాను గుడ్డ పరిచినంత ఉందనుకున్నాను, అందుకే గుర్తుంది. ఆ కొసన నన్ను నిలబెట్టి, అవతలి ఒడ్డున సరిగ్గా ఎదురుగా ఉన్న గుంజ వైపు ఏదో పెట్టి చూసింది. ఈ కొసకు వచ్చి మళ్లీ చూసింది. కాలిక్యులేటర్ టకటక కొట్టి, ఇంతేనా, ఇంకా ఎక్కువ ఉంటుందనుకున్నానే అంది. ఏటి వెడల్పు అట. దాటకుండానే కొలిచేసింది. నేను నమ్మలేదు కూడా."

"ఏటి వెడల్పు దేనికి?" అన్నారు మాస్టారు.

దర్జీ టేపు కొసను వేలికి చుట్టుకున్నాడు. "నీకోసమే బావా. నీ స్కూలు అవతలి ఒడ్డున. అప్పట్లో నువ్వూ, ఇవతలి పిల్లలూ రోజూ పడవ మీద. ఏరు పొంగితే చుట్టు తిరిగి బస్సు. నడక వంతెన ఒకటి వేయించాలని ఆఫీసులో అడగబోతున్నాను, ముందు నా మట్టుకు నేను ఒక అంచనా వేసుకోవాలి అంది. బావకు చెప్పకు అంది."

"ఎందుకని?"

"చెప్పమంటావా?"

"చెప్పు."

"చెబితే ఈ మనిషి పొద్దున లేచినప్పటి నుంచీ వంతెన ఎంతవరకు వచ్చింది, వంతెన ఎంతవరకు వచ్చింది అని నా ప్రాణం తీస్తాడు, పునాది రాయి పడ్డాకే చెబుతాను అంది."

మాస్టారు నవ్వారు. ఈసారి ఆపుకోలేదు. భార్య ఆ మాట అన్నప్పుడు ఎలా ముఖం పెట్టి ఉంటుందో ఆయనకు తెలుసు. నవ్వుతూనే కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు, తుడవడానికి కాస్త ఎక్కువసేపే పట్టింది.

కూతురు అప్పటికే భిన్నాల కాలిక్యులేటర్ తీసుకుంది. "మావయ్యా, అమ్మ దేంతో చూసింది? మూడు కాళ్ల స్టాండు ఉందా?"

"కాళ్లూ గీళ్లూ లేవు. అరచేతిలో పట్టే గుండ్రటి డబ్బా. కంటి దగ్గర పెట్టుకుని చూసింది."

"ప్రిజం కంపాస్, కోణాలు చూసే దిక్సూచి. అది అర డిగ్రీ కంటే సన్నంగా చూపించదు." ఆమె వేళ్లు మొదట తడబడ్డాయి, తర్వాత కుదురుకున్నాయి. "ముప్పై మీటర్ల కొస నుంచి కోణం ఎంతో తెలిస్తే వెడల్పు తెలుస్తుంది. వెడల్పు తెలిస్తే కోణం వెనక్కి తీయొచ్చు. ముందు నా అంకె. ముప్పై ఆరు పాయింట్ మూడు తొమ్మిది ఎనిమిదిని ముప్పైతో భాగించి, టాన్ తిరగేస్తే..." తెర చూసింది. "యాభై పాయింట్ ఐదు సున్నా నాలుగు. సరిగ్గా అర డిగ్రీ మీద ఆగలేదు, చివర కాస్త మిగిలింది. ఆ కంపాస్ మీద అలాంటి కోణం కనపడదు. ఇప్పుడు నీది నాన్నా."

ముగ్గురూ తెర మీదకు వంగారు. పెన్సిళ్లు సర్దుతున్న షాపావిడ కూడా వంగింది.

యాభై ఒకటి పాయింట్ తొమ్మిది తొమ్మిది తొమ్మిది ఎనిమిది.

"అంటే?" అన్నాడు దర్జీ.

"అంటే యాభై రెండు," అంది కూతురు. "మూడంకెల తర్వాతివి మనం వదిలేశాం కాబట్టి వెంట్రుకవాసి తగ్గింది. ఎనిమిదే నాన్నా. నువ్వే రైటు."

"యాభై రెండు టాన్," అన్నారు మాస్టారు మెల్లగా.

జీవితమంతా దిద్దిన మనిషి నోటి వెంట ఆ వరస విని కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. బుధవారం నుంచి వాళ్ల మధ్య పేరుకున్నది ఏదైతేనేం, అక్కడితో కరిగిపోయింది.

ఆమె మాత్రం తెర మీద నుంచి చూపు తిప్పలేదు. ఇంకో లెక్క చేసింది. మొహం మారింది.

"ఏమైంది?" అన్నారు మాస్టారు.

"కంపాస్ అర డిగ్రీ అటూ ఇటూ అయితే వెడల్పు డెబ్బై సెంటీమీటర్లు మారిపోతుంది. వంతెన దూలం డెబ్బై సెంటీమీటర్లు పొట్టిగా వస్తే..." ఆగింది. "ఈ అంకె దేనికీ పనికిరాదు నాన్నా. అమ్మకు ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. ఇది ఉజ్జాయింపు. మళ్లీ కొలిచాక చెరిపేద్దామని మెమరీలో పడేసింది. దాన్ని పట్టుకుని మనం..."

"అవును," అన్నాడు దర్జీ. "ఆఫీసు నుంచి మూడు కాళ్లది తెస్తాను, వచ్చే ఆదివారం మళ్లీ వద్దాం, ఖాళీ ఉంచుకోరా అంది. ఖాళీ ఉంచుకున్నాను." ఆ ఆదివారానికి ఆవిడ జ్వరంతో పడుకుని ఉంది.

షాపావిడ మెత్తగా అడిగింది. "ఏది కట్టమంటారండీ?"

మాస్టారు పాత రకాన్ని ఒకసారి చేత్తో నిమిరి, పెట్టెలో పెట్టి, మూత వేసి, ఆవిడ వైపు జరిపారు. కూతురి చేతిలో ఉన్నదాన్ని చూపించారు. "అమ్మాయి పట్టుకున్నది. ఆ పెద్దది పరీక్షకు రానివ్వరు, మామూలుదానికి టాన్ తిరగేసే మీట మరీ చిన్నది, వేలు పక్కకు పోతుంది. ఇదే బాగుంది."

"పెళ్లిచూపులు అయ్యాయి, పిల్ల నచ్చింది," అన్నాడు దర్జీ.

బయటకు వచ్చాక కూతురు షాపు మెట్ల మీదే ఆగిపోయింది. "రేపు ఆదివారం. పరీక్షకు ముందు చెయ్యి ఆడించుకోమని కాలేజీలో మూడు కాళ్ల పరికరం ఇంటికి ఇస్తున్నారు. ఇప్పుడు వెళ్తే సంతకం పెట్టి తెచ్చుకోవచ్చు. మావయ్యా, ఖాళీయేనా?"

"నేను ఎప్పటినుంచో ఖాళీయే."

"టేపుకు ఒక మనిషి, పరికరానికి ఒక మనిషి. అవతలి ఒడ్డున కొలత కర్ర నిలబెట్టడానికి ఇంకో మనిషి కావాలి. పడవ ఎక్కి దాటాలి." ఆమె తండ్రి వైపు చూసింది. "నాన్నా?"

భార్య పోయినప్పటి నుంచి మాస్టారు ఏటి గట్టుకు వెళ్లలేదు. పొద్దున్నే రేవు దాకా వచ్చి ఆయన్ను పడవ ఎక్కించి వెళ్లేది ఆవిడే. అందుకే నీళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో కూడా ఆయన చుట్టు తిరిగే బస్సే ఎక్కుతున్నారు.

ఆయన కొత్త కాలిక్యులేటర్ ఉన్న సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు. కూతురు, మేనమామ ఆయన జవాబు కోసం మెట్ల మీద నిలబడి ఉన్నారు.

ఏటి వెడల్పును ఇంకా ఎవరూ సరిగ్గా కొలవలేదు.